తిలకాష్ఠ మహిషబంధనం: 5 ప్రతులు, 2 ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు

ఫొటోగ్రఫీ, వీడియో, రచన అనే మూడు మాధ్యమాలలో పనిచేసే సమకాలీన కళాకారుడని ఎవరినైనా పరిచయం చేసినప్పుడు, పాపం ఈయనకు మూడు ఉద్యోగాలు చేస్తే తప్ప పూట గడవదు కాబోలునని వినేవారికి జాలి కలగడం సహజం. ఆ జాలిని తొలగించడం కోసమే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది. ఆయన చేసేది నిజానికి ఒక్కటే పని, రాయడం. కథలో కవితలో రాయడం కాదు. తాను తీసిన ఫొటో గురించి, తీయబోయే వీడియో గురించి, ఆ రెండింటినీ ఎందుకు తీయవలసి వచ్చిందనే దాని గురించి ముందు నిధుల కోసం దరఖాస్తుగానూ, తరువాత గోడ మీది లేబుల్‌గానూ, చివరకు కేటలాగ్‌గానూ రాయడం. ఫొటో, వీడియో ఆ రచనకు జతపరచిన కాగితాల వంటివి. ఈ సంగతి తెలియక కెమెరా కొనడంతో వృత్తి మొదలుపెట్టి దారి తప్పుతున్న యువతీయువకులను చూస్తే బాధ కలుగుతుంది.

తెలుగువారికి ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. తెనాలి రామకృష్ణుడు నాలుగు నువ్వుకట్టెలను గేదెను కట్టే పలుపుతో చుట్టి, పైన పట్టుబట్ట కప్పి, తిలకాష్ఠ మహిషబంధనమనే ఉద్గ్రంథం తెచ్చానని ప్రకటించగానే, రాయలవారి సభను గెలవడానికి వచ్చిన పండితుడు ఆ పేరు తానెన్నడూ వినలేదని దిగులుపడి రాత్రికి రాత్రే ఊరు విడిచి పోయాడని కథ. దీనిని ఇన్నాళ్లూ హాస్యకథగా చెప్పుకుంటూ వచ్చాం. చేతికందిన వస్తువులు, వాటి మీద ఒక ముసుగు, నోరు తిరగని శీర్షిక, అర్థం కాలేదని ఒప్పుకోలేని ప్రేక్షకుడు: సమకాలీన కళావృత్తికి కావలసిన సరంజామా అంతా అందులోనే ఉంది. రామకృష్ణుడు చేసిన పొరపాటల్లా ఆ తరువాత రాజుగారి ముందు కట్ట విప్పి చూపించడం.

ఇక ఫొటో సంగతి. జేబులో ఫోనున్న ప్రతివారూ ఫొటోలు తీస్తున్న కాలంలో ఏది కళ, ఏది కాదు అని తేల్చడమెలాగని కొందరు బెంగపడుతుంటారు. తేల్చే పద్ధతి తేలిక: కింద భిన్నం ఉంటే కళ. 2/5, అంటే 5 ప్రతులలో రెండవది, అని పెన్సిలుతో రాసి ఉంటే, వెయ్యి ప్రతులు తీయగల ఫైలు నుంచి 5 మాత్రమే తీసి ఆగిపోతానని కళాకారుడు మాట ఇచ్చాడని అర్థం. కొనేవారు చెల్లించేది ఆ నిగ్రహానికి. ఈ 5 కాక, కళాకారుడు తన కోసం ఉంచుకునే ఆర్టిస్ట్ ప్రూఫ్‌లని మరో 2 ఉంటాయి. అవి లెక్కలోకి రావు కానీ అమ్మకానికి వస్తాయి. ఇంక్‌జెట్ ప్రింటర్ నుంచి వచ్చిన కాగితాన్ని లేబుల్ మీద ఆర్కైవల్ పిగ్మెంట్ ప్రింట్ అని రాయడం మరువకూడదు.

జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999 నాటి రైన్ నది ఫొటోలో గడ్డి, నీరు, మళ్లీ గడ్డి, ఆపైన ఆకాశం తప్ప మరేమీ లేవు. అవతలి గట్టున ఉన్న కట్టడాలను ఆయన కంప్యూటర్‌లో తుడిచేశారు. దాని 6 ప్రతులలో ఒకటి 2011లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడైంది. తీసినందుకు వచ్చిన డబ్బెంతో, తీసేసినందుకు వచ్చినదెంతో విడదీసి చెప్పే లెక్కలు నాకు దొరకలేదు.

అంతకంటే నా వాదానికి బలమిచ్చే ఉదాహరణ అమెరికన్ కళాకారుడు రిచర్డ్ ప్రిన్స్. ఆయన 2014లో ఇన్‌స్టాగ్రామ్‌లో ఇతరులు పెట్టుకున్న ఫొటోల కింద తన వ్యాఖ్య ఒకటి రాసి, ఆ తెరను అలాగే స్క్రీన్‌షాట్‌గా పట్టుకుని పెద్ద కాన్వాస్ మీద అచ్చు వేయించి ప్రదర్శించారు. ఫొటో ఆయనది కాదు, అందులోని మనిషిని అడగనూ లేదు. ఆయనదంటూ ఉన్నది కింది ఆ ఒకటి రెండు పంక్తుల రచనే. అటువంటివి 90,000 డాలర్ల దాకా పలికాయి. తమ ఫొటోలు వాడుకున్నందుకు ఒళ్లు మండిన ఒక బృందం వారు ఆ చిత్రాలనే, దిగువన మరో వ్యాఖ్య చేర్చి, 90 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. ఫొటో అదే, పరిమాణం అదే. రచన విలువ ఎంతో ఇంత కచ్చితంగా కొలిచిన సందర్భం సాహిత్య చరిత్రలో కూడా కనిపించదు.

వీడియోకు నిడివే సద్గుణం. అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ 1964లో ఎంపైర్ స్టేట్ భవనం ఎదురుగా కెమెరా నిలిపి, సుమారు ఆరున్నర గంటలు తీసి, తెర మీద మరింత నెమ్మదిగా నడిపించి 8 గంటలు దాటించారు. భవనం ఆ 8 గంటలూ ఎక్కడికీ కదలదు. క్రిస్టియన్ మార్క్లే అనే కళాకారుడు సినిమాలలో గడియారాలు కనిపించే వేలాది ముక్కలను ఏరి, తెర మీద చూపించే సమయమూ ప్రేక్షకుడి చేతి గడియారంలోని సమయమూ ఒకటే అయ్యేలా 24 గంటల వీడియోగా కూర్చితే, 2011లో వెనిస్ బినాలే అనే, రెండేళ్లకొకసారి జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శనలో ఆయనకు బంగారు సింహమనే బహుమతి ఇచ్చారు. దానిని పూర్తిగా చూపించాలంటే మ్యూజియం రాత్రంతా తలుపులు తెరిచి ఉంచవలసిందే. మామూలు ప్రేక్షకుడు మాత్రం నల్లటి తెర తొలగించుకుని చీకట్లోకి వెళ్లి, బెంచీ తగిలి, వీడియో మొదలో నడుమో చివరో తెలియక కాసేపు నిలబడి, మళ్లీ వెలుగులోకి వచ్చి గుమ్మం పక్కనున్న లేబుల్‌ను ఆసాంతం చదువుతాడు. ఆ గదిలో పూర్తిగా ఆస్వాదించబడే కళాఖండం అదొక్కటే.

శ్రద్ధకు మారుపేరు వంటి వారూ ఈ రంగంలో ఉన్నారని చెప్పకపోతే అన్యాయమవుతుంది. తైవాన్‌లో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన తెచింగ్ షే 1980 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు, రేయింబవళ్లు, గంటకొకసారి హాజరు యంత్రంలో కార్డు గుద్ది, ప్రతిసారీ కెమెరాతో ఒక్కొక్క ఫ్రేము తీసుకున్నారు. 8,760 సార్లు గుద్దవలసిన చోట 133 తప్పిపోయాయి. అందులో 94 నిద్ర వల్ల, 29 ఆలస్యం వల్ల, 10 తొందరపడి ముందే గుద్దడం వల్ల అని కూడా లెక్క రాసిపెట్టారు. ఇంత నిఖార్సైన హాజరుపట్టీ చూపి ఏ కార్యాలయంలోనైనా పదోన్నతి అడగవచ్చు. ఆయనకు దక్కింది ఆ ఫ్రేములన్నీ వరుసగా కూర్చితే వచ్చిన 6 నిమిషాల సినిమా.

మూడు మాధ్యమాలనూ ఒకే ఒరలో ఇమిడ్చిన వారిలో ఫ్రెంచి కళాకారిణి సోఫీ కాల్‌ను అగ్రగణ్యురాలిగా చెప్పుకోవాలి. ఆమె 1981లో వెనిస్‌లోని ఒక హోటల్లో 3 వారాలు గదులు శుభ్రం చేసే పనికి కుదిరి, అతిథులు బయటకు వెళ్లగానే వారి సూట్‌కేసులు, ఉత్తరాలు, విడిచిన బట్టలు పరిశీలించి ఫొటోలు తీసి, రోజువారీ వివరం రాసుకున్నారు. అదే పని వేరొకరు చేస్తే పనిలోంచి తీసేస్తారు. తేడా ఆ రాసుకోవడంలో ఉంది. 1983లో వీధిలో దొరికిన చిరునామాల పుస్తకంలోని వారికి ఫోన్లు చేసి, దాని సొంతదారు ఎటువంటివాడో వారి చేతనే చెప్పించి లిబెరాసియోన్ అనే ఫ్రెంచి దినపత్రికలో ధారావాహికగా అచ్చు వేయించగా, ఆ పెద్దమనిషి కోపంతో దావా వేస్తానన్నాడు. మామూలు మనుషులు పుస్తకాన్ని తిరిగి ఇచ్చేసి ఊరుకుంటారు కాబట్టే మామూలు మనుషులుగా మిగిలిపోతారు. ఇక తనను వదిలి వెళుతూ ప్రియుడు పంపిన ఈమెయిల్‌ను ఆమె 107 మంది స్త్రీలకు ఇచ్చి, ఎవరి వృత్తిని బట్టి వారిని వ్యాఖ్యానించమన్నారు; తుపాకీ గురి నేర్చిన ఒకావిడ దానిని కాల్చారు, ఒక చిలుక నమిలింది. అది 2007లో వెనిస్ బినాలేలో ఫ్రాన్స్ దేశపు ప్రదర్శన అయింది. ఇంతకూ అందులోని మూలరచన ప్రియుడిది. అయినా ఆ రచన ఏ గ్రంథాలయంలోనూ అతడి పేరున నమోదు కాలేదు.

కానీ కళాకారుడు సొంతంగా రాయక తప్పనిది, తన పని ఏమిటో ఎందుకో చెప్పుకునే స్టేట్‌మెంట్. ఈ భాషలో మనుషులు ఏ పనీ చేయరు, పనులన్నీ ఫొటోలే చేస్తాయి. అవి ప్రశ్నిస్తాయి, అన్వేషిస్తాయి, సంభాషిస్తాయి, హద్దులను చెరిపేస్తాయి. ప్లాస్టిక్ కుర్చీని ఫొటో తీశామనుకుందాం. ఖాళీ కుర్చీ అని రాస్తే ఫర్నిచర్ ప్రకటన అనుకుంటారు. ‘ఉనికికీ అనుపస్థితికీ నడుమ ఉన్న అంతరావకాశాన్ని అన్వేషిస్తూ, ఆసీనత్వపు రాజకీయాలను ప్రశ్నిస్తుంది’ అని రాస్తే రెసిడెన్సీ, అంటే కొన్నాళ్లు వసతి ఇచ్చి పనిచేసుకోనిచ్చే అవకాశం, వస్తుంది. ప్రతి నామవాచకానికీ ఒక ‘త్వం’ తగిలించడం ఇందులోని కిటుకు. శూన్యం కన్నా శూన్యత్వం ఖరీదు. కళాప్రదర్శనల ప్రకటనలను వేల సంఖ్యలో పోగేసి 2012లో అలిక్స్ రూల్, డేవిడ్ లెవీన్ అనే ఇద్దరు పరిశీలిస్తే, ఆంగ్లంలో కూడా సరిగ్గా ఈ తోకల వ్యాపారమే బయటపడింది. స్టేట్‌మెంట్ కింద వచ్చే పరిచయ వాక్యంలో, ఫలానా నగరంలో ఉంటారని రాయడం వృత్తికి ముప్పు. రెండు నగరాల మధ్య నివసిస్తూ పనిచేస్తారని రాయాలి, ఆ మధ్యలో ఉన్నది సముద్రమైనా సరే.

రాత పనిని ఇతరులకు అప్పజెప్పే స్థాయికి చేరుకున్నవారు ధన్యులు. తన దగ్గరున్న పాత చిత్రాలను 1970లో తగలబెట్టిన అమెరికన్ కళాకారుడు జాన్ బాల్డెస్సారీని మరుసటి ఏడాది కెనడాలో ఒక కళాశాల ప్రదర్శనకు పిలిచింది కానీ, ప్రయాణ ఖర్చులు ఇవ్వలేకపోయింది. విసుగు పుట్టించే కళ ఇకపై చేయనని గోడల నిండా ఇంపోజిషన్ రాయండని ఆయన అక్కడి విద్యార్థులకు ఉత్తరం పంపారు. వారు రాశారు.

డబ్బు ప్రస్తావన ఈ రంగంలో మర్యాద కాదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అమ్ముడైనదానిలో సగం గ్యాలరీ తీసుకోవడం రివాజు. అమ్ముడుపోని వీడియోకు సగం ఇచ్చే బాధ గ్యాలరీకి లేదు. గోడకు సున్నం వేసినవారికి, వెలుతురు అమర్చినవారికి, గుమ్మం దగ్గర కాపలా ఉన్నవారికి కూలి ఇచ్చి, గోడ మీద ఉన్నది ఎవరిదో వారికి గుర్తింపు ఇస్తారు. కెనడా మాత్రం 1988లో కాపీరైట్ చట్టం సవరించి, అమ్మకానికి కాక కేవలం చూపడానికి పెట్టినా కళాకారుడికి రుసుము అడిగే హక్కు కల్పించింది. ఇటువంటి చేష్టల వల్ల కళాకారులకు కడుపు నిండి, తద్వారా స్టేట్‌మెంట్లలో తీవ్రత తగ్గిపోయే ప్రమాదం ఉందని పెద్దలు గమనించాలి.

తెచింగ్ షే దగ్గరకే మళ్లీ వద్దాం. ఆయన 1985 జూలై నుంచి ఏడాది పాటు కళ చేయనని, కళ గురించి మాట్లాడనని, చూడనని, చదవనని, గ్యాలరీలకూ మ్యూజియంలకూ వెళ్లనని ప్రకటించి అలాగే గడిపారు. లోకంలో కోట్లమంది ఈ వ్రతాన్ని ఏటా నిష్ఠగా ఆచరిస్తున్నారు. ముందుగా కాగితం మీద రాసి సంతకం పెట్టకపోవడం వల్ల వారికి కళాచరిత్రలో చోటు దక్కలేదు. ఆ తరువాత 1986 చివరి రోజు నుంచి 13 ఏళ్ల పాటు కళ చేస్తాను కానీ ఎవరికీ చూపించనన్నారు. గడువు తీరాక, 2000 జనవరి 1న, జనం ముందు ఒక్క కాగితం పెట్టారు. తనను తాను బతికించుకున్నానని, 1999 డిసెంబర్ 31 దాటానని అందులో ఉంది. దరఖాస్తు ఫారంలో ‘ఆశిస్తున్న ఫలితాలు’ అనే గడిలో అంతకంటే నిజాయితీగా రాయదగినది నాకు తోచడం లేదు కానీ, ఆ గడిలో కనీసం 300 పదాలు ఉండాలంటారు.