పద్మినిలో మారుతి ఇంజిన్: 50 వేల లెక్కలో లేనివి

"పాత ప్రీమియర్ పద్మిని ఉందా? అమ్ముకోకండి. 50 వేలు పెట్టి మారుతి ఇంజిన్ వేయించండి. లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుంది, ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, ఆర్సీలో ఎంట్రీ ఒక్క ఫారంతో అయిపోతుంది." పాత కార్ల గ్రూపుల్లో ఈ మెసేజ్ ఎప్పటినుంచో చక్కర్లు కొడుతోంది. ఫారిన్‌లో మినీ కార్లకు హోండా ఇంజిన్లు పెట్టుకుంటున్నారు, మనకేం తక్కువ అని చివర్లో ఒక కొసరు కూడా ఉంటుంది.

కొత్త ఇంజిన్ పాత ఇంజిన్ కంటే మంచిదన్న మాట వరకు ఒప్పుకోవచ్చు. మిగతాదంతా తేడా లెక్కే.

ముందు ఆ మినీ సంగతి తేల్చేద్దాం. 1959లో వచ్చిన బ్రిటిష్ మినీలో ఇంజిన్ బానెట్ కింద అడ్డంగా కూర్చుంటుంది, ముందు చక్రాలను తిప్పుతుంది. హోండా సివిక్ ఇంజిన్ తీరూ అదే. అందుకే అక్కడ ఇంజిన్, గేర్‌బాక్స్ రెండింటినీ మోసే ఇనుప చట్రాలు (సబ్‌ఫ్రేమ్‌లు) రెడీమేడ్ కిట్లుగా దొరుకుతాయి. వాటికే వేల పౌండ్లు పోయాలి, అది వేరే విషయం. మన పద్మిని అలాంటి కారు కాదు. అది ఇటలీ ఫియట్ 1100 డిలైట్, 1964 నుంచి ముంబై కుర్లాలో తయారైంది. ఇందులో 1089 సీసీ ఇంజిన్ నిలువుగా ఉంటుంది, దాని వెనక గేర్‌బాక్స్, అక్కడి నుంచి ఇంజిన్ శక్తిని వెనక్కి చేర్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, ఆఖర్న వెనక యాక్సిల్. స్విఫ్ట్, జెన్, వేగనార్ ఇంజిన్లన్నీ అడ్డం ఇంజిన్లు. వాటి గేర్‌బాక్స్ నుంచి రెండు పక్కలకూ షాఫ్టులు వస్తాయి కానీ వెనక్కి ఏమీ రాదు. కాబట్టి "మారుతి ఇంజిన్" అనగానే నూటికి తొంభై మందికి గుర్తొచ్చే ఇంజిన్ గేర్‌బాక్స్‌తో సహా పద్మినిలో పనికిరాదు.

దీనికి మెసేజ్ రాసినవాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. మారుతి వ్యాన్ ఈకో ఉంది కదా అంటారు. నిజమే. ఓమ్ని, వర్సా, ఈకోలు వెనక చక్రాలతో నడిచేవి. ఈకో 1196 సీసీ ఇంజిన్ పవర్ 73 హార్స్‌పవర్, పద్మినిది దాదాపు 40. గేర్‌బాక్స్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఉంటుంది. వాళ్లు చెప్పేవాటిలో కాస్త అర్థమున్న దారి ఇదే. అసలు ఖర్చు మొదలయ్యేదీ ఇక్కడే.

ఈకో ఇంజిన్‌ను ముందు సీట్ల కింద పెట్టడానికి తయారు చేశారు. దాన్ని పద్మిని బానెట్ కిందికి దించగానే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) ఎక్కడ తగులుతుందో, ఎగ్జాస్ట్ పైపు స్టీరింగ్ బాక్స్ పక్కనుంచి ఎలా పోవాలో చూసుకోవాలి. మౌంటింగులు కొత్తగా చేయించాలి. పాత షాఫ్ట్ కొలత సరిపోదు కాబట్టి కోయించి, వెల్డింగ్ పెట్టించి, బ్యాలెన్సింగ్ చేయించాలి. బ్యాలెన్సింగ్ ఎగ్గొడితే 60 దాటగానే ఫ్లోర్ మొత్తం వణుకుతుంది. పద్మిని పెట్రోలు పంపు మెకానికల్‌ది, కార్బురేటర్‌కు అంత ప్రెషర్ చాలు. ఈకోది ఇంజెక్షన్ ఇంజిన్, దానికి ఎలక్ట్రిక్ పంపు, ప్రెషర్ తట్టుకునే లైన్లు కావాలి, ట్యాంకులో మార్పులు చేయాలి.

ఇక వైరింగ్. ఇక్కడే చాలా ప్రాజెక్టులు ఆగిపోతాయి. ఇంజిన్ ఒక్కటే కొంటే అది ఇనుప ముద్ద. దాన్ని నడిపే కంప్యూటర్ (ఈసీఎం), పూర్తి వైర్ల కట్ట (హార్నెస్), యాక్సిలరేటర్ దగ్గరి సెన్సార్లు, ఇమ్మొబిలైజర్ (వేరే తాళంతో స్టార్ట్ కానివ్వని లాక్) ఉంటే ఆ తాళం చెవి, అన్నీ ఒకే బండివి అయ్యుండాలి. స్క్రాప్ యార్డులో ఇంజిన్ దించేటప్పుడు హార్నెస్‌ను కట్టర్‌తో కత్తిరించి పారేస్తారు, వాళ్లకు టైం ముఖ్యం. తెగిన 30, 40 వైర్ల చివరలు పట్టుకుని రంగులు చూసుకుంటూ కూర్చునే ఎలక్ట్రీషియన్‌కు రోజుకూలీ ఇవ్వాలి. ఆ కూలీ 50 వేల లెక్కలో ఎక్కడా కనపడదు.

గేర్ల గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదే వింత. పద్మిని హ్యాండ్ గేరు బండి. స్టీరింగ్ కాలమ్ మీద ఉన్న రాడ్డు కింద లింకులతో గేర్‌బాక్స్ పక్కకు వెళ్తుంది. ఈకో గేర్‌బాక్స్‌కు ఆ లింకులు పట్టవు. అంటే ఫ్లోర్ కోసి కింద గేరు పెట్టాలి. అక్కడ ఉన్నది ముగ్గురు కూర్చునే బెంచ్ సీటు, దాన్నీ తీసేయాలి. పద్మినిలోనే ఎస్1 మోడల్‌కు కంపెనీయే ఫ్లోర్ గేరు, విడి సీట్లు ఇచ్చింది, అది ఉన్నవాళ్లకు ఈ ఒక్క బాధ తప్పుతుంది. మిగతావాళ్లు ఏ కారు మీద ప్రేమతో ఇదంతా మొదలుపెట్టారో ఆ కారు లోపలి రూపమే మారిపోతుంది.

బ్రేకులు ఇంకోటి. పద్మిని 40 హార్స్‌పవర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు పెట్టిన బండి. 73 హార్స్‌పవర్ పెట్టి అవే డ్రమ్ములతో ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 కొడతానంటే నేను ఆ కారులో ఎక్కను. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, బ్రేక్ బూస్టర్ వేయించక తప్పదు.

అన్నీ కలిపితే ఎంతవుతుంది? ఊరిని బట్టి, మెకానిక్‌ను బట్టి మారే అంకెలివి, నా అంచనాగానే తీసుకోండి. బిల్లుతో, ఈసీఎం, హార్నెస్, గేర్‌బాక్స్‌తో ఇంజిన్ సెట్టు 60 నుంచి 80 వేలు. మౌంటింగులు, లేత్ పని 30, 40 వేలు. షాఫ్టు, పెట్రోలు పంపు, రేడియేటర్, ఎగ్జాస్ట్ కలిపి ఇంకో 50 వేలు. బ్రేకులకు 40 నుంచి 60 వేలు. మెకానిక్, ఎలక్ట్రీషియన్ కూలీ 60 వేల పైమాటే. రెండున్నర లక్షలకు ఒక్క రూపాయి తక్కువైనా అదృష్టమే. 50 వేలు అన్నది ఇంజిన్ ఖరీదు, అదీ బిల్లు అడగకపోతే. తర్వాతిదంతా తడిసి మోపెడవుతుంది. అదే పద్మిని సొంత ఇంజిన్‌కు బోరింగ్, కొత్త పిస్టన్లు, బేరింగులు, వాల్వు పని చేయించి, కార్బురేటర్ ఓవరాల్ చేయించినా 60, 70 వేలలో తేలుతుంది.

మైలేజీతో ఆ డబ్బు తిరిగొస్తుందంటారు. సరే, లెక్క వేద్దాం. ఆదివారాలు తీసే పాత కారు ఏడాదికి 2,000 కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. లీటరుకు 12 ఇస్తే 167 లీటర్లు కావాలి. కొత్త ఇంజిన్‌తో 16 వస్తుందనుకుంటే 125 లీటర్లు చాలు. (20 రాదు. వెనక యాక్సిల్ గేరింగ్ పాత ఇంజిన్ కోసం పెట్టింది, బాడీ గాలిని చీల్చుకుపోయే ఆకారం కాదు.) మిగిలేది 42 లీటర్లు, లీటరు 110 చొప్పున 4,620 రూపాయలు. అదనంగా పెట్టిన దాదాపు 2 లక్షలు తిరిగి రావాలంటే 43 ఏళ్లు పడుతుంది.

స్పేర్లు దొరకవన్నది కూడా సగం మాటే. ముంబైలో నలుపు పసుపు టాక్సీలుగా పద్మినిలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. వాటి పుణ్యమా అని రింగులు, గ్యాస్కెట్లు, బ్రేక్ షూలు, కింగ్‌పిన్ సెట్లు ఇప్పటికీ వెతికితే దొరుకుతున్నాయి. దొరకనివి ఉన్నాయి. గ్రిల్, బంపర్, డోర్ హ్యాండిల్, అద్దాల రబ్బర్లు. వాటి కోసం మాత్రం నిజంగా తిరగాలి. ఇంజిన్ మార్చినా అవి దొరకవు.

ఈ మధ్య మెసేజ్‌లో ఇంకో వాక్యం చేరింది. ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు పాత ఇంజిన్‌ను తినేస్తుంది కాబట్టి మార్చక తప్పదట. ఇథనాల్‌తో ఇబ్బంది ఉన్న మాట నిజం, కానీ అది ముందు పడేది రబ్బరు పైపుల మీద, పంపు లోపలి పల్చటి పొర (డయాఫ్రం) మీద, తడి చేరి తుప్పు పట్టే ట్యాంకు మీద. కొత్త ఇంజిన్‌కు పెట్రోలు పోయేది ఆ ట్యాంకు నుంచే కదా. పైగా స్క్రాప్‌లో దొరికే ఈకో ఇంజిన్ 2023కు ముందుదైతే అది కూడా ఇ20 కోసం తయారైనది కాదు. ఇథనాల్ తట్టుకునే పైపులు, డయాఫ్రం వేయించుకుంటే కొన్ని వేలతో పోయే పని ఇది.

ఆర్సీ దగ్గరే నాకు కోపం వచ్చేది. ఎందుకంటే మిగతావి నమ్మితే డబ్బు పోతుంది, ఇది నమ్మితే కేసు అవుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇంజిన్ పాడైతే అదే మేక్, అదే టైప్ ఇంజిన్ వేయించి, ఆర్టీఏకు చెప్పి నంబరు మార్పించుకోవడం వేరు. ఫియట్ బండిలో మారుతి ఇంజిన్ వేరు. సీఎన్‌జీకో కరెంటుకో మారడానికి ఆమోదం ఉన్న కిట్లకు చట్టంలో మినహాయింపు ఉంది, స్క్రాప్‌లో కొన్న పెట్రోలు ఇంజిన్‌కు లేదు. అనుమతి లేని మార్పుకు అదే చట్టం 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, 6 నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు.

ఎవరు చూస్తారులే అనుకుంటే, ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్‌కు బండి ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లాల్సిందే. అక్కడ బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిచూస్తారు. బిల్లు లేకుండా కొన్న ఇంజిన్ నంబరు ఏ దొంగతనం కేసులో ఉందో ఎవరికి తెలుసు? యాక్సిడెంట్ అయితే క్లెయిం తిరస్కరించడానికి ఇన్సూరెన్స్ కంపెనీకి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

"మరి ప్రీమియర్ కంపెనీయే 118ఎన్‌ఈలో నిస్సాన్ ఇంజిన్ పెట్టలేదా?" అని అడిగేవాళ్లుంటారు. పెట్టింది. అది ఫియట్ 124 బాడీతో, 1171 సీసీ నిస్సాన్ ఇంజిన్‌తో కంపెనీ తయారు చేసి, ఆ వివరాలతోనే అమ్మిన మోడల్. ఆర్సీలో మొదటి రోజు నుంచీ ఆ ఇంజినే ఉంది.

చివరగా, "ఇంజిన్ మారిస్తే కారు విలువ పెరుగుతుంది" అన్న మాట. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి, ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలోనే ఉంచిన బండికే అది ఇస్తారు. పద్మిని పేరుతో మొదటి బండ్లు వచ్చింది 1974లో. అంటే ఆ బండ్లు ఇప్పుడిప్పుడే ఈ వయసుకు వస్తున్నాయి. ఇంట్లో 1974, 75 నాటి పద్మిని ఉన్నవాళ్లు రెండున్నర లక్షలు పెట్టి ఈకో ఇంజిన్ వేయిస్తే, ఆ దరఖాస్తు పెట్టుకునే అర్హత కూడా పోతుంది.