ఒక్క లైన్ కోడేనట!

వెబ్‌సైట్లో తగిలించుకునే చాట్ డబ్బాలు, బుకింగ్ ఫారాలు అమ్మే కంపెనీల వాళ్లు "ఒక్క లైన్ కోడ్ పేస్ట్ చేస్తే చాలు సార్" అంటారు. ఎవరికి చాలు? బరంపురంలో పట్టుచీరల షాపు వెబ్‌సైట్ మాది. అంచు ఎరుపుకి తగ్గ రంగులు, ఒడియా, తెలుగు లిపులు రెండూ చక్కగా కనిపించే ఫాంట్లు ఏరికోరి పెట్టుకున్నాం. చాట్ డబ్బా తగిలించామో లేదో, నీలం గుండ్రటి బటన్ ఒకటి వచ్చి సరిగ్గా "కొనండి" మీద కూర్చుంది! మన బటన్‌ని దాని పైకి తెద్దామంటే జడ్-ఇండెక్స్ (పేజీలో ఏది దేని పైన కనిపించాలో చెప్పే అంకె) 2147483647 పెట్టి ఉంది, అంతకు మించి బ్రౌజరే ఒప్పుకోదు. ఎందుకయ్యా అంత పెత్తనం?

వీడియో కాల్‌లో చీరలు చూడ్డానికి పెట్టిన బుకింగ్ ఫారం ఇంకా ఘోరం. వేరే డొమైన్ ఐఫ్రేమ్‌లో, అంటే మన పేజీలో కిటికీలా తెరుచుకునే వేరేవాళ్ల పేజీలో వస్తుంది కాబట్టి రంగులు, ఫాంట్లు నిర్ణయించే మన సీఎస్ఎస్ కోడ్ దాని గడప దాటదు, ఫాంటు మారదు, ఎత్తు సరిపోదు, ఫోన్‌లో అయితే స్క్రోల్ లోపల ఇంకో స్క్రోల్. రంగు మార్చాలంటే ప్రీమియం ప్లాన్ కొనాలట. మా సైట్లో మా రంగు వేసుకోడానికి మేమే డబ్బులు కట్టాలా? పైగా తేదీ అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత. ఛత్రపురం నుంచి ఒకావిడ ఫోన్ చేసి "ఏమండీ, ఈ పేజీ మీదేనా, నంబరు ఇవ్వొచ్చా?" అని అడిగింది. అడగదా మరి?

సపోర్టుకి రాస్తే జవాబు: "కాషే (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) క్లియర్ చేసి చూడండి."