రస్తా బాగుకు ఎవరి వంతు ఎంత?

గండికోట పేరు ఇప్పుడు దేశమంతా వినిపిస్తోంది. 2024 నవంబరులో కేంద్రం ఈ కోట అభివృద్ధికి రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. పెన్నా లోయ అంచున ఫొటో దిగాలని శని, ఆదివారాల్లో బెంగళూరు, హైదరాబాద్ బండ్లు బారులు తీరుతున్నాయి. జమ్మలమడుగు నుంచి కోటకు పోయే పెద్ద రోడ్డును ప్రభుత్వం చూసుకుంటుంది. దాని మీద నుంచి పక్కకు తిరిగే చిన్న బాటలే ఎవరికీ పట్టనివి.

అలాంటి బాట ఒకటుంది. కిలోమీటరు కూడా ఉండదు. చివర రిసార్టు, దారి పొడవునా పద్దెనిమిది ఇళ్లు. ప్రొద్దుటూరు, కడపల్లో ఉద్యోగాలు చేసి రిటైరయ్యాక ప్రశాంతంగా ఉంటుందని కట్టుకున్నవాళ్లే ఎక్కువ. మొన్నటి వానలకు బాట మధ్యలో మోకాలి లోతు గుంట పడింది. కంకర పోసి, రోలింగ్ చేయించి, తారు వేయించాలి. డబ్బు ఎవరివ్వాలన్న దగ్గర మాట తెగడం లేదు. ‘మీరు పద్దెనిమిది, మేము ఒకటి, మొత్తం పందొమ్మిది వాటాలు వేద్దాం’ అంటుంది రిసార్టు. ‘మీరొచ్చాకే రోడ్డు పోయింది, మొత్తం మీరే పెట్టుకోండి’ అంటారు ఇళ్లవాళ్లు. రెండూ తప్పే. మొదటిది మరీ తప్పు.

ఎందుకో చెప్పాలంటే ఇరుసు లెక్క తెలియాలి. ఇరుసు మీద బరువు రెట్టింపయితే రోడ్డుకు నష్టం రెట్టింపుతో ఆగదు, సుమారు 16 రెట్లవుతుంది. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో రోడ్డు వేసి, దాని మీద పనిగట్టుకుని లారీలు తిప్పి చూసి తేల్చిన సంగతి ఇది. మన దగ్గర కూడా ఇంజనీర్లు 8.16 టన్నుల బరువు మోసే ఇరుసును కొలబద్దగా పెట్టుకునే రోడ్డు మందం నిర్ణయిస్తారు. రిటైరైన మాస్టారు స్కూటరు ఈ లెక్కలోకే రాదు. ఆయన పక్కింటివాళ్ల చిన్న కారు వేలసార్లు తిరిగితే గానీ ఒక్క నిండు ట్యాంకరు చేసినంత నష్టం చేయదు. పది వేల లీటర్ల ట్యాంకరులో నీళ్ల బరువే పది టన్నులు. మన సీమలో స్విమ్మింగ్ పూల్ నిండాలంటే ట్యాంకర్లు రాక తప్పదు కదా! వాటికి తోడు పెళ్లి బస్సులు, జనరేటరు బండ్లు. రిసార్టు కట్టేటప్పుడు ఇసుక, ఇటుక మోసిన టిప్పర్ల సంగతి వేరే చెప్పాలా?

అయితే ఇళ్లవాళ్లు కూడా తప్పించుకోలేరు. ఆ బాటను కాస్త దగ్గర్నుంచి చూడండి. దాదాపు ప్రతి గేటు ముందూ కారు ఎక్కడానికి సిమెంటు ర్యాంపు. దాని కింద పైపు లేదు. సైడు కాలువ అక్కడికక్కడ పూడిపోయింది. గిన్నెలు కడిగిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు నేరుగా బాట మీదికే. జమ్మలమడుగు వైపు నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అడుగున నేల మెత్తబడ్డాక పైన ఎంత కంకర పోసినా కూరుకుపోతుంది. గుంట పడిన చోటు సరిగ్గా రెండు ర్యాంపుల మధ్య, నీళ్లు ఎటూ పోలేని చోటే. అక్కడ నీళ్లు ఇళ్లవి, బరువు రిసార్టుది.

వాడుకున్నదాన్ని బట్టి బాగు భారం మోసే పద్ధతి మన సీమకు కొత్తదేమీ కాదు. చెరువు పారకం అనుభవించే రైతులే దాని మరమ్మతుకు మనుషులను పంపే ఆనవాయితీని కుడిమరామత్తు అనేవారు. కడప, అనంతపురం వైపు దశబంధం ఇనాములు కూడా ఉండేవి. చెరువు కట్టి బాగోగులు చూసేవాడికి భూమి మీద రాయితీ ఇచ్చేవారు. చూడటం మానేస్తే ఇనాము వెనక్కి తీసుకునే వీలుండేది. తలకింతని సమానంగా పంచడం ఈ రెండింట్లోనూ లేదు.

చట్టమూ దాదాపు ఇదే చెబుతోంది. ఇతరుల భూమిని దారి లాంటి వాటికి వాడుకునే హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం మొదట వర్తించిన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. కడప అప్పుడు అందులోదే. ఇంకొకరి భూమిలోంచి దారి హక్కు ఉన్నవాడే ఆ దారి మరమ్మతు ఖర్చు భరించాలని దాని 25వ సెక్షన్. తన స్థలంలో మార్పులు చేసుకున్నంత మాత్రాన ఆ హక్కును బాగా పెంచేసుకోవడం కుదరదని 29వ సెక్షన్. ఎద్దుల బండి పోవడానికి రాసిచ్చిన రస్తా యాభై గదుల హోటలుకు చాలదు.

కాబట్టి డబ్బు మాట కంటే ముందు బాట ఎవరిదో తేల్చుకోవాలి. ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటాల పుస్తకం), అడంగల్ (ఊరి భూముల రికార్డు) తీసి చూస్తే అది ఒకరి సొంత పట్టా భూమో, ప్రభుత్వ పోరంబోకు డొంకో తెలిసిపోతుంది. ప్రజల రోడ్డయితే 1994 పంచాయతీరాజ్ చట్టం కింద అది గ్రామ పంచాయతీది. అప్పుడు అడగాల్సింది పంచాయతీని. చందా వేసి బాగు చేయించుకున్నా అది సొంతమైపోదు. గొలుసు కట్టి వాచ్‌మన్‌ను కూర్చోబెట్టే ఆలోచన అక్కడక్కడా వినిపిస్తోంది. గొర్రెలు తోలుకుపోయే వాళ్లను, ట్రాక్టరు తెచ్చుకునే రైతును ఆపే హక్కు ఎవరికీ లేదు, వాళ్లను వాటా అడగకూడదు కూడా.

ప్రైవేటు బాటే అని తేలితే, ముప్పావు వంతు రిసార్టు, పావు వంతు ఇళ్లు పెట్టుకోవడం న్యాయమని మా అభిప్రాయం. టిప్పర్లు చేసిన పాత నష్టం మాత్రం మొత్తం రిసార్టుదే. ఒక నెల పాటు గేటు దగ్గర పుస్తకం పెట్టి ట్యాంకర్లు, బస్సులు రాసుకుంటే ఈ లెక్కను సవరించుకోవచ్చు. డబ్బు ఉమ్మడి ఖాతాలో, రెండు పక్షాల సంతకాలతో ఉండాలి. మాటల ఒప్పందాలు మేనేజరు మారగానే గాలికి పోతాయి, అందుకే కాగితం మీద పెట్టాలి. ఇల్లు అమ్మేటప్పుడు ఆ వాటా సంగతి క్రయపత్రంలో ఒక లైను రాయిస్తే కొన్నవాళ్లతో మళ్లీ గొడవ ఉండదు.

జూన్‌లో మళ్లీ వానలు మొదలవుతాయి. తారు సంగతి తేలేలోపు ర్యాంపులు పగలగొట్టి కింద పైపులు వేయించడం ఇళ్లవాళ్ల చేతిలో పని. సగం నింపిన ట్యాంకర్లనే పంపమని చెప్పడం రిసార్టు చేతిలోది. ఈ రెంటికీ మీటింగు అక్కర్లేదు.