బిల్లు చీటీ మీద నిలవని లోగో ఎందుకు?

కర్నూలులో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ పెట్టేవారు లోగో కోసం తిన్నగా ఫ్లెక్సీల దుకాణానికి వెళ్లి, పది అడుగుల బ్యానరుకు నప్పే బొమ్మనే ఖాయం చేసుకోవడం నాకు ఏమాత్రం నచ్చని అలవాటు. కొండారెడ్డి బురుజు, దాని వెనుక సూర్యుడు, చుట్టూ సర్క్యూట్ గీతలు, ఒక పళ్లచక్రం, అడుగున పూర్తి పేరు, ఆ కింద నినాదం, ఇన్నింటినీ ఒకే బొమ్మలో ఇరికిస్తారు. బురుజు మీద నాకూ అభిమానమే. అయితే ట్రావెల్స్‌వారూ కోచింగ్ సెంటర్‌వారూ పెట్టుకోదగిన గుర్తునే మీరూ పెట్టుకుంటే, మిమ్మల్ని వేరుగా గుర్తుపట్టేది ఎలా?

బిల్లింగ్ సాఫ్ట్‌వేరు తయారుచేసి ఉల్లి మండీ కమీషన్ వ్యాపారికో బట్టల దుకాణానికో అమ్మే సంస్థ లోగో నలుగురి కంట పడేది బిల్లు చీటీ అడుగున. 58 మిల్లీమీటర్ల చీటీ మీద అచ్చువేసే థర్మల్ ప్రింటరు సాధారణంగా ఒక వరుసలో 384 చుక్కలే వేయగలదు, అదీ నలుపులోనే. నీలం నుంచి ఊదాకు మెల్లగా మారే రంగుల బొమ్మను దానికి అప్పగిస్తే మసిగుడ్డ అచ్చు దిగుతుంది. బ్రౌజర్ ట్యాబ్‌లోని గుర్తు ఇంకా చిన్నది, 16 పిక్సెళ్ల చదరం. అందులో సర్క్యూట్ గీత ఒక్కటీ మిగలదు. వాట్సాప్ ప్రొఫైల్ చిత్రాన్ని గుండ్రంగా చూపుతుంది కనుక అడ్డంగా సాగిన పేరుకు రెండు కొసలూ తెగిపోతాయి.

1976లో ఆపిల్ సంస్థ మొదటి లోగో చెట్టు కింద కూర్చున్న న్యూటన్ బొమ్మ. దాన్ని మరుసటి ఏడాదే పక్కన పెట్టి, రాబ్ జానాఫ్ గీసిన పండును తీసుకున్నారు. కొరికిన గాటు లేకపోతే చిన్న సైజులో అది చెర్రీ పండనుకుంటారని ఆయన ఆలోచించారు. మనవాళ్ల లోగోలు చాలావరకు ఇప్పటికీ ఆ న్యూటన్ దశలోనే ఉన్నాయి.

కనుక మొదట నలుపు తెలుపుల్లోనే గీయించి, బొటనవేలి గోరంత సైజులో చూసి, ఆకారం నిలిచిన తరువాతే రంగుల మాట ఎత్తాలి. తెలుగు అక్షరాన్నే గుర్తుగా ఎంచుకోవాలనుకునేవారు ఒత్తులున్న జంట అక్షరాల జోలికి పోకుండా, గుండ్రని ఒంపున్న ఒక్క అక్షరంతో సరిపెట్టుకోవడం మేలు, ఎందుకంటే చిన్న సైజులో ఒత్తు పై అక్షరానికి అంటుకుపోతుంది.

డబ్బు చెల్లించేటప్పుడు జేపీజీ ఒక్కటే పుచ్చుకొని రాకూడదు. ఎంత పెంచినా చెదరని ఎస్‌వీజీ ఫైలు అడిగి తీసుకోవాలి. కాపీరైటు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 1957 నాటి చట్టం చెబుతోంది కాబట్టి బయటి డిజైనరు చేత ఆ కాగితమూ రాయించుకోవాలి. ట్రేడ్‌మార్కు నమోదులో సరుకులనూ సేవలనూ తరగతులుగా విడగొడతారు; దరఖాస్తు చేసేవారు సాఫ్ట్‌వేరుకు 9వ తరగతిలో, దాన్ని రూపొందించే సేవలకు 42వ తరగతిలో అలాంటి గుర్తు అప్పటికే నమోదై ఉందేమో వెతకాలి. ఈ వెతుకులాట బోర్డు రాయించిన తరువాత చేసేది కాదు.