ఇంపోజిషన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంపోజిషన్ గారి దివ్య సముఖమునకు,

తప్పు రాసిన మాటను వందసార్లు రాయిస్తే పిల్లలకు అది వచ్చి తీరుతుందన్న తమ సిద్ధాంతం మా బడుల్లో నేటికీ చెక్కుచెదరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించాక బెత్తానికి పదవీ విరమణ తప్పలేదు గానీ, తమరికి మాత్రం పదోన్నతే లభించింది. తమరు వాత తేలకుండా కొడతారు, పైగా హోంవర్కు అనే గౌరవనామంతో ఇంటిదాకా వస్తారు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటరుగా తమ ప్రతిభను దగ్గరగా చూసినదాన్ని. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఉన్న నాలుగో తరగతి పిల్లవాడు 'విద్యార్థి' అన్న మాట దగ్గర ఆగిపోయాడనుకుందాం. ద, ధ, థ మూడింటిదీ దాదాపు ఒకే ఆకారం. ధకు కింద చిన్న గీత, థకు ఆ గీతతోపాటు కడుపులో ఒక చుక్క. (దుకాణాల బోర్డులు రాసే పెద్దలే ఈ చుక్కను ఏనాడో వదిలేశారు, వారికి తమరిని ఎవరూ విధించలేదు.) 'ద్యా'లో దీర్ఘం కనిపించేది ద మీద, పలికేది య తరువాత, 'ర్థి'లో గుడి ర మీద ఉంటుంది, దాని పలుకు మాత్రం కింది ఒత్తు తరువాత వస్తుంది. ఈ చిక్కును విప్పాలంటే మాటను ముక్కలుగా పలికించి, ఇసుకలో వేలితో దిద్దించి, శబ్దానికీ అక్షరానికీ ముడి కలిపే మనిషి పక్కన కూర్చోవాలి. తమరు పంపేది రూళ్ల పుస్తకాన్ని. వాడు 'వి'లన్నీ పైనుంచి కిందికి రాసి, తరువాత 'ద్యా'లన్నీ, ఆపైన 'ర్థి'లన్నీ నింపుతాడు. మొదటి వరుసలో ఒత్తు తప్పితే వంద వరుసల్లోనూ తప్పుతుంది. అంత రాసినా ఆ మాటను ఒక్కసారైనా చదివి ఉండడు.

రాత్రి వాడు పుస్తకం మీదే నిద్రపోతే, మిగిలినవి తల్లి ఎడమచేత్తో, కొడుకు దస్తూరీని అనుకరిస్తూ పూర్తి చేస్తుంది. ఆమె విద్యాభివృద్ధికి తమరు చేసిన సేవ సామాన్యమైనది కాదు. 'వాడికి బద్ధకం' అని తేల్చేసిన తండ్రి ట్యూషన్‌కు పంపితే అక్కడా తమరే ఎదురవుతారు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఒకసారి చూపించండని నేనంటే మాత్రం, 'మావాడికేమైనా పిచ్చా?' అని ఆయనకు కోపం వస్తుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాల్లో డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ చేర్చింది. అటువంటి పిల్లలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించమని బడులకు చెప్పింది. అర్హత ఉండి, పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుణ్ణి తీసుకునేవారికి గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. చట్టం ఆ విధంగా ఇవ్వజూపిన సమయాన్ని తమరు ముందుగానే, సాయంత్రం ఆటల వేళలోంచి, వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నారు.

తమరు సెలవు మీద వెళతారన్న ఆశ నాకు లేదు. ఒక్క చిన్న విన్నపం మాత్రం మన్నించండి: ఇకమీదట నిలువుగా రాయడాన్ని నిషేధించి, వందకు బదులు మూడుసార్లు, అడ్డంగా, పైకి పలుకుతూ రాయించండి. పుస్తకం దిద్దేవారు కూడా పేజీలు లెక్కపెట్టి ఊరుకోకుండా, ఆ మూడింటినీ చదవవలసి వస్తుంది.

ఇట్లు,
తమ పుస్తకాలు మోసే పిల్లల టీచరు