అడుగున సంతకం ఉన్నంత మాత్రాన అది జియాంగ్ చియెన్‌లీ చేసిన పెట్టె అయిపోదు

గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నల్లటి చిన్న పెట్టె ఫొటో, మూత మీద మేడలు, మనుషులు ఆకుపచ్చగా, గులాబీ రంగులో మెరుస్తుంటాయి. కింద రాసింది ఇదీ: "ఇది చైనాలో మింగ్ కాలం నాటి జియాంగ్ చియెన్‌లీ పెట్టె, అడుగున ఆయన సంతకం ఉంది కాబట్టి అసలుదే. పూసింది మన ఏటికొప్పాక లక్కే, పొదిగింది రంగు గాజు. మెరుపు తగ్గితే కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టండి." జియాంగ్ అనే మనిషి ఉన్నాడన్నది నిజం. మిగతాదాన్ని నమ్మకండి, ముఖ్యంగా ఆ చివరి సలహాని.

ముందు సంతకం సంగతి. జియాంగ్ 17వ శతాబ్దం వాడు, 1644లో మింగ్ పాలన పోయి చింగ్ పాలన వచ్చిన రోజుల్లో పనిచేసినవాడు, యాంగ్‌జౌ నగరంతో ఆయన పేరు ముడిపడి ఉంది. అదే శతాబ్దపు కవి వాంగ్ షిజెన్ తన కాలంలో పేరు మోసిన పనివాళ్లను చెబుతూ సముద్రపు చిప్ప ముక్కలు పొదగడంలో ఈయన్నే చెప్పాడు. ఎక్కడ చూసినా గిన్నెలూ పళ్లేలూ జియాంగ్‌వే, ఏ ఇంట్లో చూసినా చుట్టి దాచుకునే బొమ్మలు ఝా షిబియావ్ అనే చిత్రకారుడివే అని అక్కడ ఒక నానుడి కూడా ఉండేది. ఇప్పుడు ఆలోచించండి, చిప్పని మిల్లీమీటరు కంటే బాగా పల్చగా అరగదీసి, గోరంత మనిషి బొమ్మకి ముఖం వేరుగా, చెయ్యి వేరుగా, బట్ట మడతలు వేరుగా కత్తిరించి, మధ్యమధ్య బంగారు రేకు ముక్కలు కూర్చే పని ఇది, ఒక్క మనిషి చేసి ఊరందరికీ ఎలా ఇస్తాడు? పేరుకి గిరాకీ ఉంది కాబట్టి వేరేవాళ్లూ ఆ పేరే వేశారు, ఆయన పోయిన తర్వాత కూడా చాలా కాలం వేస్తూనే ఉన్నారు. అందుకే తెలిసినవాళ్లు ఇలాంటి వస్తువుని "ఆయన గుర్తు ఉన్నది" అంటారు, "ఆయన చేసినది" అని తొందరపడి అనరు. అడుగు తిప్పి చూసే ముందు మూత చూడాలి: అంచులు ఎంత నున్నగా కోశారు, ముక్కకీ ముక్కకీ మధ్య సందు ఎంత, ముఖంలో భావం ఉందా లేదా. పేరు రాయడం ఎవరికైనా తేలికే, ఆ కోత అలా కాదు.

ఇక లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద ఉండేది లక్క పురుగు ఇచ్చేది, తిరిగే కొయ్యకి అద్దితే ఆ రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. గొప్ప పనే, కానీ వేరే పని. చైనా పెట్టెకి పూసేది ఒక చెట్టు బెరడు గీస్తే కారే పాలు. మన జీడిమామిడి, నల్లజీడి కుటుంబంలోదే ఆ చెట్టు, జీడి రసం లాగే ఆ పాలు తగిలినా ఒళ్లు పొక్కుతుంది. ఇంకో విచిత్రం ఏంటంటే అది ఎండకి ఆరదు. గోరువెచ్చగా, బాగా తేమగా ఉన్న గదిలో పెడితేనే గట్టిపడుతుంది, ఒక పూత గట్టిపడ్డాక నున్నగా రుద్ది ఇంకో పూత, అలా ఎన్నో పూతలు.

గాజు మాట మరీ అన్యాయం. అది అబలోన్ లాంటి సముద్రపు జీవుల చిప్ప. పెట్టెని అటూ ఇటూ తిప్పితే ఆకుపచ్చ కాస్తా గులాబీ అవుతుంది, అది వెలుగు చేసే పని, ఎవరూ వేసిన రంగు కాదు.

పగుళ్లు ఉంటే పాతదే అని కింద కామెంట్లలో కొందరు అంటున్నారు, వేడి చేసి కూడా పగుళ్లు తెప్పించవచ్చు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ ఎండ సలహా. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ పూతని పాడుచేస్తాయి, మెరుపు పోతుంది, కంటికి కనపడని పగుళ్లు వస్తాయి, ఆ తర్వాత తడి తగిలినా మరక పడుతుంది. వేడికి లోపలి కొయ్య ఎండి ముడుచుకుంటే చిప్ప ముక్కలు లేచిపోతాయి. నూనె ఆ సందుల్లోకి దిగి దుమ్ము పట్టేస్తుంది. మీ ఇంట్లో ఇలాంటి పెట్టె ఉంటే కిటికీకీ ఏసీ గాలికీ దూరంగా పెట్టండి, దుమ్ముని మెత్తటి కుంచెతో తుడవండి, చిప్ప లేచిన చోట కుంచె కూడా పెట్టొద్దు. ముక్క ఊడితే ఫెవిక్విక్ జోలికి పోకుండా చిన్న కవర్‌లో వేసి, ఏ మూల నుంచి ఊడిందో దాని మీద రాసి, పాత వస్తువులు బాగుచేసే నిపుణులకి చూపించండి.