గెలిచాక మనోడే, గెలిచేదాకా ఎవరోడు?

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో, చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు గుకేశ్ చెస్‌లో ప్రపంచ ఛాంపియన్ అయిన రాత్రి గుర్తుందా? చంద్రబాబు గారు మన తెలుగు కుర్రాడని ట్వీట్ పెడితే, స్టాలిన్ గారు చెన్నై పేరెత్తారు. ఇక మనవాళ్లూ వాళ్లూ కామెంట్లలో ఒకటే గొడవ.

మరి 2017, 18ల్లో ఈ పంచాయితీ ఎందుకు లేదు? ఈఎన్‌టీ సర్జన్ అయిన గుకేశ్ నాన్న ప్రాక్టీస్ పక్కనపెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగాడు. అప్పట్లో స్పాన్సర్ లేడు, అమ్మానాన్నల స్నేహితులే డబ్బు సర్దారు. గుకేశే చెప్పిన మాట ఇది. డాక్టర్ల ఇంట్లోనే అంత కష్టమైతే ఆర్టీసీ కండక్టర్ కూతురి పరిస్థితేంటి?

"చెస్‌కి ఖర్చేముందండీ, ఓ బోర్డు కొంటే చాలుగా" అనేవాళ్లు ఒక్కసారి టోర్నమెంట్ హాలు దగ్గరికి రండి. లోపలికి ఫోన్లూ రానివ్వరు, మనల్నీ రానివ్వరు. బయట మెట్ల మీద టిఫిన్ బాక్సులతో కూర్చున్న తల్లిదండ్రులు ఓపెనింగుల (ఆట మొదట్లో వేసే ఎత్తుల) గురించి మాట్లాడుకుంటారనుకుంటున్నారేమో. ఏ లాడ్జి చవక, తత్కాల్ దొరికిందా, సెలవులు ఇంకెన్ని మిగిలాయి... ఇవే కబుర్లు. ఎంట్రీ ఫీజు, కోచ్‌కి గంటల లెక్కన ఇచ్చేది వీటికి అదనం.

ఇక చెస్‌లో అతిపెద్ద టైటిల్ అయిన గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె), మూడు నార్మ్‌లు కావాలి. నార్మ్ అంటే ఒక టోర్నీలో ఆ స్థాయి ఆట ఆడినట్టు గుర్తింపు. టైటిల్ ఉన్నవాళ్లు, వేరే దేశాలవాళ్లు తగినంతమంది ఆడితేనే నార్మ్ లెక్కకొస్తుంది. అందుకే స్పెయిన్, సెర్బియా, హంగరీ అంటూ మనవాళ్ల పరుగులు.

స్పాన్సర్లు లేరని కాదు. మన ఓరుగల్లు కుర్రాడు అర్జున్ ఎరిగైసికి 2024లో క్వాంట్‌బాక్స్ అనే ట్రేడింగ్ కంపెనీ ఐదేళ్లకు 15 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. సంతోషం. కానీ అప్పటికే అతను 2700 రేటింగ్ దాటినవాడు. 1700 దగ్గర ఇరుక్కున్న పిల్ల వైపు ఎవరు చూస్తారు? అసలు డబ్బు కావాల్సింది అక్కడే.

దారి లేదా అంటే, ఉంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏటా 5 కోట్లు, ఆపైన లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి, పెట్టాలి. గుర్తింపు ఉన్న క్రీడల్లో శిక్షణ అందులోకి వస్తుంది. అయితే ఆ డబ్బు తెచ్చి పిల్లాడి చేతిలో పెట్టడం కుదరదు. కంపెనీ తానే ఆ కార్యక్రమం నడపకుండా బయటివాళ్లకి అప్పగిస్తే, ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల ట్రాక్ రికార్డు ఉన్న ట్రస్టో సొసైటీయో మధ్యలో ఉండాలి. మన జిల్లా చెస్ సంఘాల్లో ఎన్నింటికి ఈ కాగితాలున్నాయి? శాలువాలు మాత్రం ఎప్పుడూ సిద్ధం!

ఇంకోటి. పదిమంది పిల్లల్ని విడివిడిగా యూరప్ పంపే డబ్బుతో విజయవాడలోనో హనుమకొండలోనో నార్మ్ టోర్నీ పెట్టి, విదేశీ గ్రాండ్‌మాస్టర్లను ఇక్కడికే పిలవచ్చు కదా. డల్లాస్‌లో సభలకి సినిమావాళ్లను పిలిపించుకునే అమెరికా తెలుగు సంఘాలకి ఇదో పెద్ద ఖర్చా?

మీ కంపెనీలో సీఎస్‌ఆర్ చూసేవాళ్లు తెలిస్తే కింద ట్యాగ్ చేయండి. మీ జిల్లా చెస్ సంఘం సెక్రటరీని కూడా. సీఎస్‌ఆర్-1 ఉందో లేదో ఇక్కడే అడిగేద్దాం.